కంఠీరవనా, అబుధాబీనా, చేజ్ సెంటరా? బాస్కెట్‌బాల్ లైవ్‌లో చూడాలంటే నా సలహా

మా బామ్మర్ది మారతహళ్ళిలో ఉంటాడు. చలికాలంలో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ వారియర్స్ హోమ్ మ్యాచ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రాత్రి 7 గంటలకి మొదలైతే మనకి పొద్దున 8:30, సరిగ్గా వాడి స్టాండప్ కాల్ టైమ్, సో కెమెరా ఆఫ్ చేసి ఒక చెవిలో మేనేజరు ఇంకో చెవిలో కామెంట్రీ, ఇదీ వాడి ఐదేళ్ళ ఎన్‌బీఏ జీవితం. మొన్న డిసెంబర్లో వాడికి జనవరిలో రెండు వారాలు అమెరికాలో శాన్ హోసే పంపిస్తున్నామని ఆఫీసులో చెప్పగానే నాకు ఫోన్ చేశాడు. ఇంట్లో వాళ్ళక్కకి కూడా చెప్పలేదు, ముందు నాకే. "బావా, ఏ ఎరీనాకి వెళ్ళను, ఏ సీటు కొనను, ఎంత పెట్టను" అని. నేను ఆన్‌సైట్‌లో ఉన్న ఏడాదిన్నర జీతం ఎక్కడ తగలేశానో వాడికి బాగా తెలుసు లెండి.

వాయిస్ నోట్లు పదకొండు అయ్యాయి, ఇంకా డౌట్లు వస్తూనే ఉన్నాయి, అందుకే అన్నీ ఒక్కచోట రాసేస్తున్నా. అమెరికా వెళ్ళేవాళ్ళకే కాదు, బెంగళూరు దాటకుండా చూడాలనుకునేవాళ్ళకి కూడా.

ముందే ఒక మాట చెప్పేస్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అందరూ ముందు స్టార్‌ని చూస్తారు, తర్వాత ఎరీనా పేరు, చివర్లో డబ్బులు ఎంత మిగిలితే ఆ సీటు. నేనైతే తిరగేసి చెప్తా. సీటు ముందు, మిగతావి తర్వాత. ఎందుకంటే బాస్కెట్‌బాల్ టీవీలో చాలా బాగా కనిపించే ఆట, రీప్లేలు, క్లోజప్‌లు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. టీవీ ఇవ్వలేనిది ఒకటే, దగ్గరితనం. బూట్లు చెక్క ఫ్లోర్ మీద కీచుమనే చప్పుడు, స్క్రీన్ పెట్టినప్పుడు, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడినప్పుడు, రెండు ఒళ్ళు గుద్దుకునే శబ్దం, వెనక నుంచి స్క్రీన్ వస్తోందని డిఫెండర్లు ఒకళ్ళకొకళ్ళు అరుచుకోవడం, ఆరున్నర అడుగుల మనిషి అంత స్పీడులో మలుపు తిరగడం. ఇవి పైన ఆఖరి వరసలో కూర్చుంటే ఉండవు. అక్కడ ఏమవుతుందంటే పది నిమిషాలకి మీ కళ్ళు వాటంతటవే నడిమధ్య వేలాడే పెద్ద స్క్రీన్ మీదకి పోతాయి, అంటే అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పోసి, టీవీయే చూస్తున్నారన్నమాట.

ఇది నాకు తెలిసింది అమెరికాలో కాదు, ఇక్కడే, కబ్బన్ పార్క్ పక్కన కంఠీరవ ఇండోర్ స్టేడియంలో. 2017 జూలైలో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) విమెన్స్ ఏషియా కప్ బెంగళూరులో జరిగింది. ఒక ఆదివారం పనేమీ లేక, బయట వాన, మెట్రో దిగి తడుచుకుంటూ వెళ్ళి కూర్చున్నాం నేనూ మా రూమ్మేటూ. మన అమ్మాయిలు కింది మెట్టైన డివిజన్ బీ ఫైనల్లో కజకిస్తాన్ మీద 75-73తో గెలిచి డివిజన్ ఏకి వెళ్ళింది ఆ టోర్నీలోనే. అయితే నాకు పిచ్చెక్కించింది జపాన్ టీమ్. మళ్ళీ 2019 సెప్టెంబర్లో అదే టోర్నీ అదే స్టేడియంకి వచ్చింది, మళ్ళీ జపానే గెలిచింది. వాళ్ళ పాయింట్ గార్డ్ (ఆట నడిపించే ప్లేయర్) రుయి మాచిదా, 162 సెంటీమీటర్లు, అంటే మా ఆవిడంత ఎత్తు, పాస్ ఎటు వెళ్తుందో పక్కనే కూర్చున్న నాకే అర్థం కాలేదు, ఇక ఎదురుగా ఉన్నవాళ్ళకేం అర్థమవుతుంది. రెండేళ్ళ తర్వాత టోక్యో ఒలింపిక్స్ సెమీస్‌లో ఫ్రాన్స్ మీద అదే అమ్మాయి 18 అసిస్టులు (బాస్కెట్ పడేలా అందించిన పాసులు) ఇచ్చింది, అది ఒలింపిక్ రికార్డు, జపాన్‌కి సిల్వర్ మెడల్ వచ్చింది. అలాంటి టీమ్‌ని నేను పదో వరసలో కూర్చుని చూశా, మధ్యలో లేచి టీ తాగొచ్చి మళ్ళీ అదే సీట్లో కూర్చున్నా.

కాబట్టి మీరు బెంగళూరులో ఉండి ఒక్కసారి కూడా లైవ్ చూడకపోతే, ఫస్ట్ కంఠీరవలో ఏం జరుగుతోందో చూస్కోండి. చిన్న స్టేడియం, పట్టేది ఓ నాలుగు వేల మంది, చెడ్డ సీటు అంటూ దాదాపు లేదు. ప్రో కబడ్డీ చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. పక్కనే ఓపెన్ గ్రౌండ్ ఉంది, అది ఫుట్‌బాల్, దాంతో కన్ఫ్యూజ్ అవ్వకండి, నేను ఒకసారి తప్పు గేటు దగ్గర అరగంట నిలబడ్డా. బండి వేసుకెళ్ళకండి, పార్కింగ్ వెతుక్కునేసరికి ఫస్ట్ క్వార్టర్ అయిపోతుంది, కబ్బన్ పార్క్ మెట్రో నుంచి నడిచి వెళ్ళండి. అయిపోయాక రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో భోజనం. లోపల హడావుడి మాత్రం ఎక్స్‌పెక్ట్ చేయకండి, లైట్ షోలు, టీషర్టులు విసరడాలు, డాన్సులు పెద్దగా ఉండవు, స్నాక్స్ కూడా అంతంతమాత్రమే. ఆట ఒక్కటే ఉంటుంది. అది చాలనుకునేవాళ్ళకి ఇంతకంటే చవక బేరం లేదు.

చెన్నై కూడా లిస్టులో పెట్టుకోవచ్చు. పెరియమేట్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఇండోర్ స్టేడియం, సెంట్రల్ స్టేషన్‌కి దగ్గరే, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. కంఠీరవ కంటే పెద్దది. 2024 నవంబర్లో మగవాళ్ళ ఏషియా కప్ క్వాలిఫయర్స్‌కి ఖతార్, కజకిస్తాన్ అక్కడికే వచ్చాయి, మనవాళ్ళు రెండూ ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి. కానీ అరుపుల విషయంలో చెన్నై జనం బెంగళూరు కంటే ఒక మెట్టు పైనే, కాలేజీ బాస్కెట్‌బాల్, బ్యాంకు టీమ్‌ల ఆట చూసి పెరిగినవాళ్ళు, ఫౌల్ పడకముందే ఫౌల్ అని అరుస్తారు. ఎలాగూ బెంగళూరు వాళ్ళం అమెరికా వీసా ఇంటర్వ్యూకి చెన్నైకో హైదరాబాద్‌కో పరిగెత్తడం అలవాటే కదా, ఈసారి ఒక మ్యాచ్ కోసం పరిగెత్తండి.

ఇప్పుడు బయటి దేశాలు. మధ్యలో ముంబై గురించి ఒక్క ముక్క. 2019 అక్టోబర్లో వర్లీలోని ఎన్ఎస్‌సీఐ డోమ్‌లో సాక్రమెంటో కింగ్స్, ఇండియానా పేసర్స్ రెండు ప్రీసీజన్ (సీజన్‌కి ముందు జరిగే) మ్యాచ్‌లు ఆడారు, మన గడ్డ మీద ఎన్‌బీఏ మ్యాచ్‌లు జరగడం అదే మొదలు. మొదటి రోజు ఓవర్‌టైమ్‌కి వెళ్ళి పేసర్స్ 132-131తో గెలిచారు, ఆ రోజు స్టాండ్స్‌లో కూర్చుంది స్కూల్ పిల్లలు. పెద్దవాళ్ళకి టికెట్లు అమ్మిన రెండో రోజు మ్యాచ్ వన్ సైడ్. నాకు ఆ వారం ఆఫీసులో రిలీజ్ ఉంది, వెళ్ళలేదు, ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు.

ఇప్పుడు మనకి దగ్గర్లో దొరికే ఎన్‌బీఏ అంటే అబుధాబీ. యాస్ ఐలాండ్‌లో ఎతిహాద్ ఎరీనా, 2022 నుంచి ఏటా అక్టోబర్లో రెండు ప్రీసీజన్ మ్యాచ్‌లు. మొదట హాక్స్-బక్స్, తర్వాత మావ్స్-టింబర్‌వుల్వ్స్, 2024లో సెల్టిక్స్-నగ్గెట్స్, 2025లో నిక్స్-సిక్సర్స్. ప్లస్‌లు చాలా ఉన్నాయి. నాలుగు గంటల ఫ్లైటు, వీసా పెద్ద గొడవ కాదు, ఎయిర్‌పోర్టు నుంచి ఎరీనా దగ్గరే, దసరా సెలవులు కలిసొస్తే ఫ్యామిలీని యాస్‌లో పార్కులకి పంపేసి మీరు మ్యాచ్‌కి పోవచ్చు, ఇంట్లో పర్మిషన్ ఈజీగా వస్తుంది. మైనస్ ఒక్కటే కానీ అది పెద్దది. ప్రీసీజన్ అంటే కోచ్‌లకి ప్రాక్టీసు. స్టార్లు కాసేపు ఆడి బెంచి మీద కూర్చుంటారు, నాలుగో క్వార్టర్‌కి వచ్చేసరికి పేర్లు గూగుల్ చేసుకోవాల్సిన కుర్రాళ్ళు ఆడుతుంటారు, గెలిచినా ఓడినా ఎవడికీ పట్టదు. పోనీ టికెట్ చవకా అంటే అదీ కాదు, ఏడాదికి రెండే మ్యాచ్‌లు కాబట్టి కింద సీట్లు మండిపోతాయి. ఫోటోలకి, పిల్లలకి, ఒకే ఒక్క హీరోని కళ్ళారా చూస్తే చాలు అనుకునేవాళ్ళకి ఓకే. ఆట కోసమైతే నేను ఆ డబ్బు దాచుకుని అమెరికా వెళ్ళినప్పుడు పెడతా. అమెరికా వెళ్ళే సీన్ లేదంటారా, అప్పుడు అబుధాబీకి నా ఓటు, కానీ వార్మప్‌కి గేట్లు తీయగానే లోపలుండండి, ఆ ప్రాక్టీసులో స్టార్ పడే కష్టమే మీకు మ్యాచ్‌లో కంటే ఎక్కువ కనిపించొచ్చు.

ఇక బామ్మర్ది కేసు, బే ఏరియా, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల. మనోళ్ళు సగం మంది ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే చుట్టుపక్కలే కాబట్టి చాలామందికి పనికొస్తుంది. ఇక్కడ మూడు ఆప్షన్లు, జనానికి తెలిసింది మాత్రం ఒక్కటే.

చేజ్ సెంటర్, శాన్‌ఫ్రాన్సిస్కో. 2019లో ఓపెన్ చేశారు, అంతకుముందు వారియర్స్ ఓక్‌లాండ్‌లో ఓరకిల్ ఎరీనాలో ఆడేవాళ్ళు. 18,064 మంది పడతారు. బిల్డింగ్ చూస్తే ఎరీనాలా ఉండదు, ఫైవ్ స్టార్ హోటల్ లాబీలా ఉంటుంది, ఓక్‌లాండ్ పాత ఫ్యాన్స్‌ని కదిపితే ఇదే విషయం మీద గంట తిడతారు. కారులో వెళ్ళకండి, ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి పావెల్ స్టేషన్లో దిగితే, అండర్‌గ్రౌండ్‌లోనే నడిచి మ్యూనీ (ఊళ్ళో తిరిగే సిటీ రైళ్ళు, బస్సులు) టీ లైన్ పట్టుకోవచ్చు, అది సరిగ్గా ఎరీనా ముందు ఆగుతుంది, పైగా మ్యాచ్ టికెట్ చూపిస్తే మ్యూనీ ఫ్రీ. శాన్ హోసే వైపు వాళ్ళకి కాల్‌ట్రెయిన్, దిగాక ఓ మైలు నడక, లేదంటే అదే టీ లైన్. టికెట్ లేకపోయినా బయట ప్లాజాలో పెద్ద స్క్రీన్ ఉంది, జెర్సీలేసుకున్న జనం, ఊరికే వెళ్ళి ఆ గాలి పీల్చి రావచ్చు.

సీట్ల సంగతి. 100 నంబర్లు కింద, 200 నంబర్లు పైన. వారియర్స్ స్టార్ స్టెఫెన్ కర్రీ ఆడే మ్యాచ్‌కి, అందులోనూ లేకర్సో సెల్టిక్సో వస్తే, పైన ఆఖరి వరస రేటులోనే వేరే ఊళ్ళో కింద కూర్చోవచ్చు. అందుకని ఇక్కడికి వెళ్ళాలనుకుంటే మంగళవారమో బుధవారమో పెద్దగా పేరులేని టీమ్ వచ్చే రోజు చూసి 100ల్లో కార్నర్ సీటు తీసుకోండి. కార్నర్ అంటే మొహం చిట్లిస్తారు చాలామంది, కానీ అక్కడ్నుంచి ఆట మీ వైపు పరిగెత్తుకుంటూ వస్తుంది, సైడ్‌లైన్ మధ్య సీట్ల కంటే తక్కువ రేటుకి. బాస్కెట్ వెనక మరీ ముందు వరసలు వద్దు, స్టాండ్ అడ్డమొచ్చి అవతలి కోర్టు కనిపించదు. కర్రీ వార్మప్ కోసం మాత్రం తొందరగా వెళ్ళండి, అది మ్యాచ్‌కి ముందు ఇంకో మ్యాచ్, జనం అందుకోసమే ముందొస్తారు.

రెండోది సాక్రమెంటో, గోల్డెన్ వన్ సెంటర్, 2016లో కట్టింది, సుమారు 17,600 మంది. మనోళ్ళెవరూ ఇటు చూడరు, నాకైతే ఈ మూడింట్లో ఇదే ఫేవరెట్. ఒకటి, మామూలు రోజుల్లో టికెట్లు చేజ్ కంటే బాగా తక్కువ, అదే బడ్జెట్‌లో ఇరవై వరసలు కిందికి దిగుతారు. రెండు, జనం. ఏళ్ళ తరబడి ఆ ఊరికి ఉన్న పెద్ద టీమ్ అదొక్కటే, పదహారేళ్ళు ప్లేఆఫ్స్ మొహం చూడకుండా ఓపిక పట్టి 2023లో చూశారు, ఆవు మెడలో గంటల్లాంటివి తెచ్చి మోగిస్తారు, చెవులు చిల్లులు పడతాయి. మూడు, కింగ్స్ గెలిస్తే ఎరీనా మీద నుంచి ఆకాశంలోకి పర్పుల్ కలర్ లేజర్ వదుల్తారు, 2022లో మొదలెట్టారు ఈ బీమ్, జనం బయటికొచ్చి తలెత్తి నిలబడి అరుస్తారు, పొంగల్ ముందురోజు భోగిమంట చుట్టూ నిలబడ్డట్టుంటుంది. ఓనర్ వివేక్ రణదివే మన ముంబైలో పుట్టినాయనే, ఎన్‌బీఏ మెజారిటీ ఓనర్లలో ఇండియాలో పుట్టిన మొదటివాడు, ముంబైకి మ్యాచ్ రావడం వెనక అదో కారణం. మైనస్ ఏంటంటే దూరం. ఫ్రీమాంట్ నుంచి రెండు గంటల డ్రైవ్, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మూడు. క్యాపిటల్ కారిడార్ రైలుంది, స్టేషన్ నుంచి ఎరీనాకి నడిచి పోవచ్చు, కానీ మ్యాచ్ అయ్యాక వెనక్కి రైలు ఉండదనుకునే ప్లాన్ చేస్కోండి, నలుగురు కలిసి కారులో పోవడం బెస్టు.

మూడోది ఎవరికీ తెలియనిది, శాంటాక్రూజ్. వారియర్స్‌కి జీ లీగ్ టీమ్ అక్కడుంది, మన రంజీ టీమ్ అనుకోండి, ఎన్‌బీఏకి ఒక్క మెట్టు కింద ఆట. ఎరీనా రెండున్నర వేల మందికే. శాన్ హోసే నుంచి హైవే 17 మీద కొండ దిగితే అదే. శనివారం పొద్దున బీచ్, సాయంత్రం మ్యాచ్. రెండో వరసలో కూర్చుంటే కోచ్ తిట్లు స్పష్టంగా వినిపిస్తాయి, ఆడేవాళ్ళందరూ ఎన్‌బీఏ కాంట్రాక్టు కోసం ప్రాణం పెట్టి ఆడతారు, ఒక్కడు కూడా రెస్టు తీసుకోడు. కంఠీరవ ఫీలింగ్, ఆట మాత్రం పది రెట్లు. అయితే అక్కడ సెల్ఫీ తీసి ఊళ్ళో చూపిస్తే ఎవరూ గుర్తుపట్టరు, అది మీ ఇష్టం.

ఎండాకాలంలో అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్ అక్టోబర్ చివర్నుంచి ఏప్రిల్ మధ్య వరకే, తర్వాత ప్లేఆఫ్స్, వాటి రేట్లు అడక్కండి. మే నుంచి చూడాలంటే డబ్ల్యూఎన్‌బీఏ, అంటే ఆడవాళ్ళ లీగ్. 2025లో మొదలైన వాల్కిరీస్ టీమ్ చేజ్ సెంటర్లోనే ఆడుతుంది, మొదటి సీజన్లో ప్రతి హోమ్ మ్యాచ్ ఫుల్, కాబట్టి ఆడవాళ్ళ మ్యాచ్ కదా గేటు దగ్గర కొనుక్కుందాంలే అనుకోకండి.

వేరే ఊళ్ళకి పోయేవాళ్ళకి గబగబా. డల్లాస్ అయితే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్, పక్కనే విక్టరీ స్టేషన్, తెలుగు వినబడని సెక్షన్ ఉండదు. న్యూజెర్సీ వాళ్ళకి ఎడిసన్‌లో రైలెక్కితే పెన్ స్టేషన్, దాని నెత్తి మీదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్, 1968 నాటిది, ఆ పేరుకే డబ్బు, అంత పెట్టలేకపోతే బ్రూక్లిన్‌లో బార్క్లేస్ సెంటర్. లాస్ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో క్లిప్పర్స్ కొత్త ఎరీనా ఇంట్యూట్ డోమ్, 2024లో తెరిచారు, బాస్కెట్ వెనక 51 వరసల గోడలాంటి స్టాండు ఉంది, హోమ్ ఫ్యాన్స్ గోల చేయడానికే కట్టింది, కూర్చోవడం ఇష్టమైనవాళ్ళు అటు పోకండి.

టికెట్లు కొనేటప్పుడు నాకు తగిలిన దెబ్బలు చెప్తా. ఒకసారి ఒక రీసేల్ సైట్లో చవగ్గా ఉందని నొక్కుకుంటూ పోతే చివరి పేజీలో ఫీజులు కలిపి రేటు ఎక్కడికో పోయింది. 2025 మే నుంచి అక్కడ రూల్ మారింది, ఫీజులతో కలిపిన రేటే మొదట చూపించాలి, అయినా చివరి పేజీ చదవండి. టికెట్ ఫోన్లోనే ఉంటుంది, ప్రింటు చెల్లదు, అందుకని ఇండియా నంబరుతో అకౌంట్ తెరిచి అక్కడికెళ్ళాక ఓటీపీ కోసం గేటు ముందు ఆకాశం వంక చూడకుండా ముందే లాగిన్ అయి టికెట్‌ని వాలెట్‌లో పెట్టుకోండి. బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్ళకండి, ఒక ఎరీనాలో నా ల్యాప్‌టాప్ బ్యాగ్ రానివ్వలేదు, బయట లాకరుకి కట్టిన డబ్బుతో రెండు బిర్యానీలొచ్చేవి.

అన్నిటికంటే ముఖ్యమైనది, స్టార్ కోసం వెళ్తుంటే నెల ముందు కొనకండి. వరసగా రెండు రాత్రులు మ్యాచ్‌లుంటే రెండో రాత్రి పెద్దవాళ్ళు ఆడకపోవచ్చు, మోకాలు నొప్పనో ఇంకేదో అంటారు. లీగ్ రోజూ ఇంజురీ రిపోర్ట్ పెడుతుంది, మ్యాచ్ రోజు మధ్యాహ్నం అది చూసి అప్పుడు కొనండి, మామూలు మ్యాచ్‌లకి ఆఖరి గంటల్లో రేట్లు దిగుతాయి కూడా. పెద్ద మ్యాచ్‌లకి ఈ లెక్క పనిచేయదు, మళ్ళీ నన్ను తిట్టకండి. తిండి విషయానికొస్తే వెజ్ వాళ్ళకి ఎక్కువగా దొరికేవి పాప్‌కార్న్, ఫ్రైస్, నాచోస్, తినేసి వెళ్ళండి. ఆట 48 నిమిషాలే అయినా బయటపడేసరికి రెండున్నర గంటలు.

ఇంతా చెప్తే మా బామ్మర్ది ఏం చేశాడంటే, చేజ్ సెంటర్లో పైన 200ల్లో, సరిగ్గా నేను వద్దన్న సీటే కొన్నాడు. ఫోటో పంపాడు, అందులో కర్రీ నువ్వుగింజంత ఉన్నాడు, వాడే ఎర్ర రంగుతో చుట్టూ సున్నా గీశాడు. సరే తిడదామని ఫోన్ చేస్తే, "బావా, నువ్వు చెప్పినట్టు చప్పుళ్ళు వినపడలేదు గానీ, పై నుంచి చూస్తే కర్రీ బంతి లేకుండా ఎలా పరిగెత్తుతాడో మొత్తం కనిపించింది, టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెనకే పోతుంది కదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజమే, పైన అయినా సరే సైడ్‌లైన్ మధ్యలో సీటైతే సెట్ ప్లేలన్నీ (ముందే అనుకుని ఆడే ఎత్తులు) చెస్ బోర్డులా కనిపిస్తాయి, ఆట బాగా తెలిసినవాళ్ళకి అదొక ఆప్షనే అని ఇక్కడ రాసుకోవాలి. కానీ ఆ శనివారం శాంటాక్రూజ్ కూడా వెళ్ళాడు, రెండో వరస నుంచి నలభై సెకన్ల వీడియో పెట్టాడు, మాటల్లేవు, బూట్ల చప్పుడే.

తిరిగొచ్చినప్పటి నుంచి ఇప్పుడు అక్టోబర్లో అబుధాబీ అంటున్నాడు, ఇద్దరం పోదామని. ప్రీసీజన్ దండగరా అంటే వినడు. టికెట్లు వాడు చూస్తాడట, వాళ్ళక్కని మాత్రం నేనే ఒప్పించాలట.